గృధ్రరాజు ఋణము



శ్రీ సీతారామచంద్రస్వామివారి సన్నిధిని, గోశాల వార్షికోత్సవ సందర్భమున నన్ను కొన్ని మాటలు చెప్పుమని ధర్మకర్తలు ఆదేశించినారు. గోమాహాత్మ్యమును గూర్చి ఈ వేదికపై పెద్దలెందరో చెప్పియున్నారు. అందుచేత నేను గోవును గూర్చి గాక, గోవు దేహము విడిచిన పిదప ఆ దేహమును ఆశ్రయించి బ్రదుకు ఒక పక్షిని గూర్చి చెప్పదలచినాను. దాని పేరు వినగానే కొందరు "శివ శివా" యని చెవులు మూసికొందురేమో. అది రాబందు. సంస్కృతమున గృధ్రము. జటాయువు పుట్టిన జాతి. ఈ ప్రసంగము ముగియునప్పటికి మన గోశాలలోని మందుల పెట్టెను ఒకసారి తెరచి చూడవలెనని మీకు తోచినచో నా శ్రమ ఫలించినట్లే.

అరణ్యకాండలో ఒక ఘట్టము కలదు. సీతాదేవిని వెదకుచు వచ్చిన శ్రీరాముడు నేలపై పడియున్న జటాయువును చూచినాడు. నెత్తుటితో తడిసిన దేహము, పెద్ద రెక్కలు, వంకర ముక్కు. చూడగానే స్వామికి కలిగిన మొదటి తలపు ఏమి? ఇది గృధ్రరూపమున నున్న రాక్షసుడు, సీతను భక్షించి ఇచ్చట పడియున్నాడు అని. విల్లెక్కుపెట్టి ముందుకు నడచినాడు. ఆ పక్షి నెత్తురు క్రక్కుకొనుచు నోరు విప్పి, రావణుడు సీతమ్మను అపహరించెననియు, తాను అడ్డుపడి పోరాడితిననియు చెప్పిన పిదపగాని నిజము తెలియలేదు. తెలిసినంతనే స్వామి విల్లు విడిచి, ఆ పక్షిని కౌగలించుకొని విలపించినాడు. తండ్రికి చేయదగిన దహనసంస్కారమును, గోదావరిలో జలతర్పణమును దానికి చేసినాడు.

సాక్షాత్తు శ్రీరామునికే ఆకారమును చూచి క్షణకాలము కలిగిన ఆ భ్రమను మనము తరతరములుగా విడువలేకున్నాము. రాబందు ఇంటిపై వ్రాలినచో శాంతి చేయించవలెనను ఆచారము మనకు కలదు. నేనును నా వయస్సులో అట్టి శాంతులు చేయించి దక్షిణ పుచ్చుకొన్నవాడనే. ఇప్పుడు ఇరువది అయిదేండ్లుగా నన్ను ఆ శాంతికి పిలిచినవారు ఒక్కరును లేరు. దోషము తొలగిపోయినదని సంతోషింపకుడు. వ్రాలుటకు పక్షి మిగులలేదు.

ఇట్లు ఏల జరిగినదో తెలిసికొనుటకు ముందు, సృష్టిలో అన్నము నడచు దారిని కొంచెము చూడవలెను. కిష్కింధాకాండలో జటాయువు అన్న యగు సంపాతి వానరులతో చెప్పిన ఒక మాట మన ఉపన్యాసములలో అంతగా వినబడదు. ఆకాశములో పక్షులకు వేరువేరు దారులు కలవని ఆయన చెప్పినాడు. అన్నిటికంటె క్రిందిది ధాన్యము తిను పిచ్చుకలది. దానిపైది బలి అన్నము తిను కాకులది, చెట్ల పండ్లు తినువానిది. ఆపైన క్రౌంచాది పక్షులది. నాలుగవది డేగలది. అయిదవది గృధ్రములది. హంసలది, గరుడునిది ఇంకను పైన. ఏ పక్షి ఏమి తినునో దానినిబట్టి అది ఎంత ఎత్తున ఎగురునో చెప్పినాడు. కాలితో గీరి తిను కోడికి ఆహారము పాదముల చెంతనే యుండును, మాకు మాత్రము దూరమున ఏర్పరుపబడినది, అందుచేతనే మాకు దూరదృష్టి యని కూడ చెప్పినాడు. ఇది వట్టి కవిచమత్కారము కాదు. ప్రతి ప్రాణికి సృష్టిలో ఒక అన్నము, ఆ అన్నమునకు తగిన అవయవము, దానికి తగిన చోటు కలవను పరిశీలన ఇందున్నది.

తైత్తిరీయోపనిషత్తు అన్నమునుండియే ప్రాణులు పుట్టుననియు, అన్నముచేతనే జీవించుననియు, తుదకు అన్నములోనే చేరుననియు బోధించినది. భాగవతమున నారదుడు ధర్మరాజును ఓదార్చుచు, చేతులు లేనివి చేతులు గలవానికి, కాళ్ళు లేనివి నాలుగు కాళ్ళు గలవానికి, చిన్నవి పెద్దవానికి ఆహారమని చెప్పినాడు. ఆధునికులు దీనినే ఆహారపు వల యందురు. గొలుసు అనక వల యనుటలో అర్థము కలదు. గొలుసులో ఒక కొలికి తెగినచో అంతయు తెగును. వలలో ఒక పోగు తెగినను ప్రక్క పోగులు బరువును పంచుకొనును. మన వరిచేను చూడుడు. ఎలుకను పాము తినును, గుడ్లగూబ తినును, గ్రద్ద తినును, నక్క తినును, ముంగిస తినును. ఏదో ఒక సంవత్సరము గుడ్లగూబలు తగ్గినచో తక్కినవి ఆ పని కొంత చూచుకొనును. ప్రాణిజాతులు పెక్కుగా నుండుటవలన కలుగు రక్ష ఇది. కాని కొన్ని పనులకు సృష్టిలో ఒకే పనివాడు ఉండును. అట్టివానిని పోగొట్టుకొన్నప్పుడే వల చినిగిపోవును. రాబందు అట్టి పనివాడు.

నేను గోదావరీ తీరమున పుట్టినవాడను. బాలుడనై పాఠశాలలో వేదాధ్యయనము చేయు దినములలో, తెల్లవారుజామున స్నానమునకు ఏటికి పోవు దారిలో ఊరి వెలుపల ఒక బీడు ఉండెడిది. చచ్చిన పశువులను అచ్చటికి చేర్చెడివారు. చర్మకారులు తోలు తీసికొనెడివారు. తక్కినది రాబందులది. ప్రక్కనున్న తాడిచెట్లపై అవి నల్లని మూటలవలె కూర్చుండి ఎండ పొడుచుటకై వేచియుండెడివి. నేల వేడెక్కి గాలి పైకి లేచినపుడుగాని వాని బరువైన రెక్కలు లేవవు. మేము ముక్కు మూసికొని పరుగెత్తెడివారము. తిరిగి వచ్చునప్పటికి అచ్చట ఎముకలు మాత్రమే మిగిలియుండెడివి. పెద్ద గుంపు కూడినచో ఒక ఆవు కళేబరమును గంట లోపల ముగించును. ఎముకలను ఏరుకొనువారు పిదప వచ్చి కొనిపోయెడివారు. వాసన లేదు, పురుగు లేదు, ఏటి నీటికి మలినము లేదు. మా గురువుగారు ఒకనాడు మమ్ము నిలిపి, "మీరు ముక్కు మూసికొనుట ఆ పక్షి ఉండుటవలన కాదురా, అది ఇంకను రాకపోవుటవలన" అన్నారు. ఆ మాటకు అర్థము నాకు నలువది ఏండ్ల తరువాత తెలిసినది.

రాబందు కడుపులోని ఆమ్లము మిక్కిలి తీవ్రమైనది. ఇతర ప్రాణులకు రోగము తెచ్చు క్రిములనేకము అందు నశించును. మెడపై ఈకలు లేకపోవుట చూచి మనము అసహ్యించుకొందుము. కళేబరములో తల దూర్చు పక్షికి నెత్తురు అంటుకొనకుండుటకు అది భగవంతుడిచ్చిన సౌకర్యము. అందరును విడిచిన మాలిన్యమును తనలో జీర్ణము చేసికొని లోకమునకు శుద్ధిని మిగిల్చిన ఈ పక్షిని చూచినపుడు, హాలాహలమును కంఠమున నిలిపిన పరమేశ్వరుడు నాకు జ్ఞప్తికి వచ్చును.

1980 ప్రాంతములో మన దేశమున ఇవి కోట్ల సంఖ్యలో ఉండెడివని శాస్త్రజ్ఞుల అంచనా. రాజస్థానములోని భరత్‌పూర్ పక్షి సంరక్షణ వనములో విభూ ప్రకాశ్ అను పక్షిశాస్త్రజ్ఞుడు 1987-88లో తెల్లవీపు రాబందుల జంటలు 353 గూళ్ళు కట్టుట లెక్కించినాడు. 1996-97 నాటికి అందు సగము కూడ లేవు. మరి కొన్ని ఏండ్లకు ఒక్క గూడును లేదు. పక్షులు చెట్టు కొమ్మలపై మెడలు వ్రేలవైచి కూర్చుండి, ఒకనాడు క్రింద పడి చచ్చుచుండెను. 1992 నుండి 2007 వరకు దేశములో తెల్లవీపు రాబందులు వేయింటికి ఒక్కటి మిగిలినది. పొడవు ముక్కు, సన్న ముక్కు రాబందులు నూటికి మూడు మిగిలినవి. ఇంత స్వల్పకాలములో ఇంత విస్తారముగ నున్న పక్షిజాతి ఇట్లు క్షీణించుట చరిత్రలో అరుదు.

తొలుత ఏదియో అంటువ్యాధి అనుకొన్నారు. లిండ్సే ఓక్స్ అను పశువైద్య శాస్త్రజ్ఞుడును, ఆయన సహచరులును పాకిస్తానము పంజాబులో చచ్చిన పక్షులను పరీక్షించి, 2004లో నిజము వెల్లడించినారు. మూత్రపిండములు చెడి, లోపలి అవయవములపై తెల్లని పొడి పేరుకొని అవి చచ్చుచున్నవి. కారణము డైక్లోఫెనాక్ అను నొప్పి మందు. మనము మోకాళ్ళ నొప్పికి మ్రింగునదే. 1990 తరువాత అది చవుకగా దొరకుటచే పశువులకు విరివిగా వాడినారు. మందు పుచ్చుకొన్న పశువు కొలది దినములలో చనిపోయినచో, దాని కాలేయములో, మూత్రపిండములలో మందు నిలిచియుండును. దానిని తిన్న రాబందు కొన్ని దినములలోనే చచ్చును.

దేశములోని కళేబరములన్నింటిలో ఆ మందు ఉండవలెనా యని మీరడుగవచ్చును. అక్కరలేదు. నూటికి ఒక్క కళేబరములో ఉన్నను ఆ జాతి నశించుటకు చాలునని గణితము తేల్చినది. ఏలయన ఒక కళేబరముపై పదులు, నూరులు వ్రాలును. ఒక్కొక్క పక్షి ఏడాదిలో ఎన్నో కళేబరములను తినును. ఒక జంట ఏటికి పెట్టునది ఒకే గ్రుడ్డు. పిల్ల పెరిగి తాను గూడు కట్టుటకు అయిదేండ్లు పట్టును. పోవునది నూరు, వచ్చునది ఒకటి.

ఇచ్చట నేను ఒక విషయము మీ ముందు దాచక చెప్పవలెను. 1997లో మా ఇంట గౌరి యను ముసలి ఆవు కీళ్ళ నొప్పులతో లేవలేక పడియుండెను. దాని బాధ చూడలేక నేనే పశువైద్యుని పిలిపించి, నొప్పికి సూదిమందు వేయించినాను. రెండు దినములు హాయిగా మేత తిన్నది. మూడవనాటి రాత్రి ప్రాణము విడిచినది. పసుపు కుంకుమలు పెట్టి, ప్రదక్షిణము చేసి, ఊరి ఆచారము చొప్పున బీటికి పంపినాము. ఆనాడు పది పదునైదు రాబందులు వచ్చినవని బండివాడు చెప్పినాడు. ఆ పై సంవత్సరము పొరుగువారి ఎద్దు చచ్చినపుడు అతడే వచ్చి, "అయ్యగారూ, మూడు రోజులైందండి, ఒక్క రాబందూ దిగలేదండి, కుక్కలే పీక్కుతింటున్నాయండి" అన్నాడు. అప్పుడు నాకేమియు తోచలేదు. ఎన్నో ఏండ్లకు, పశువైద్యము చదివిన మా అన్నగారి మనుమడు ఈ కథయంతయు చెప్పి, "తాతగారూ, ఆ రోజుల్లో అందరూ వేసిన మందు అదేనండి" అన్నాడు. మా గౌరి వలననే ఆ పక్షులు చచ్చినవని నేను చెప్పజాలను. కాదని కూడ చెప్పజాలను. చేసినది దయతోనే. కాని ఆ దయ గోశాల గోడవరకే చూచినది. బీడుపై వేచియున్న పక్షిని చూడలేదు.

రాబందు లేని ఊరిలో ఏమి జరిగినది? కళేబరములు కుళ్ళినవి. ఆ అన్నము కుక్కలకు, ఎలుకలకు దక్కినది. రాబందు ఒక గంటలో శుభ్రముగ ముగించు పనిని ఇవి పది దినములైనను ముగింపలేవు. తిన్న కుక్కలు పెరిగినవి, గుంపులు కట్టినవి, కాట్లు పెరిగినవి. రాబందు వలన మనకు రేబిస్ రాదు. పిచ్చికుక్క వలన వచ్చును. 1992 నుండి 2006 వరకు ఇట్లు అదనముగ కలిగిన రేబిస్ మరణములు 47 వేలకు పైగా యని ఒక అంచనా కలదు. రోగములు, నీటి కాలుష్యము అన్నియు కలిపి 2000 నుండి 2005 వరకు సుమారు 5 లక్షల మంది అదనముగ మరణించిరని ఆర్థికశాస్త్రజ్ఞులు అనంత్ సుదర్శన్, ఎయాల్ ఫ్రాంక్ 2024లో లెక్కగట్టినారు. ముంబయిలో పార్సీ సోదరులు తమ మృతదేహములను శాంతిగోపురములలో రాబందులకు అర్పించు ప్రాచీన ధర్మమునకు పక్షులు లేక చిక్కు వచ్చినది. చెన్నపట్టణమునకు దక్షిణముననున్న పక్షితీర్థములో అర్చకుని చేతి ప్రసాదమునకై మధ్యాహ్నవేళ వచ్చు రెండు తెల్ల రాబందులను మీలో పెద్దవారు చూచియుందురు. ఇప్పుడు ఆ కొండపై పళ్ళెము ఉన్నది, పక్షులు రావు.

కుక్కపై కోపము వలదు. అది భైరవుని వాహనము. వైశ్వదేవములో దానికిని ఒక ముద్ద కలదు. దోషము కుక్కది కాదు, దాని ముందు మనము పరచిన విస్తరిది.

ఒక సందేహము రావచ్చును. దేశములో రాబందు జాతులు తొమ్మిది కలవు గదా, ఒకటి పోయిన మరియొకటి ఆ పని చేయదా? మంచి ప్రశ్న. దీనికి నాకు తెలిసిన విద్యనుండియే సమాధానము చెప్పెదను. వేదమును మేము సంహితగా మాత్రమే చదువము. పదము, క్రమము, జట, ఘనము అని పలువిధములుగ వల్లించెదము. ఒకచోట అక్షరము జారినచో మరియొక పాఠము దానిని పట్టుకొనును. వేల ఏండ్లు లిపి లేకయే స్వరము చెడకుండుటకు ఈ పెక్కు పోగుల అల్లికయే కారణము. సృష్టిలో జీవవైవిధ్యము చేయు పని ఇదియే. అయితే వేదశాఖలు 1131 అని పతంజలి మహాభాష్యములో చెప్పగా, నేడు మిగిలినవి వ్రేళ్ళపై లెక్కింపదగినవే. పాఠము ఎంత పటిష్ఠమైనదైనను, చెప్పువారందరికి ఒకే ఆపద ఒకేసారి వచ్చినచో శాఖ నిలువదు. రాబందుల విషయమున జరిగినది అదియే. మెత్తని మాంసము తిని కళేబరమును ముగించు ముఖ్యమైన మూడు జాతులకును ఆ ఒక్క మందే విషమైనది. హిమాలయములలో ఎముకలు తిను జాతి, చిన్న తునుకలు ఏరుకొను తెల్ల జాతి ఉన్నను, ఆ పని వానిది కాదు. సంఖ్య యొక్కటే రక్ష కాదు. వేరువేరు ఆపదలకు వేరువేరుగా నిలువగల జాతులు ఉన్నప్పుడే రక్ష.

"అంతయు ఈశ్వరేచ్ఛ, కలిధర్మము, మనమేమి చేయగలము" అనువారు కలరు. ఈశ్వరేచ్ఛ అయినచో రాముడు జటాయువునకు సంస్కారము చేయనేల? దైవము వేరు, కర్తవ్యము వేరు. మందు మనము తెచ్చినది, మనమే తీసివేయగలము. 2006లో పశువులకు డైక్లోఫెనాక్ తయారు చేయుటను ప్రభుత్వము నిలిపినది. మనుష్యుల సూదిమందు పెద్ద సీసాలను పశువులకు వాడుచుండిరని 2015లో సీసా పరిమాణమును 3 మిల్లీలీటర్లకు తగ్గించినది. రాబందులకు హానికరములని తేలిన ఎసిక్లోఫెనాక్, కీటోప్రొఫెన్ మందులను 2023లో, నిమెసులైడును 2024 చివర పశువులకు నిషేధించినది. రాబందునకు హాని చేయని మందులును కలవు. మెలోక్సికామ్, టోల్ఫెనామిక్ ఆమ్లము అట్టివి. పశువునకు నొప్పి తగ్గును, పక్షి బ్రదుకును.

కావున గోశాలకు మందులు సమర్పించు దాతలకు, గోసేవకులకు నా విన్నపము మూడు మాటలు. మొదటిది, నేడే మందుల పెట్టె తెరచి, పైన చెప్పిన నాలుగు నిషిద్ధమైన మందులు ఉన్నచో తీసివేయుడు. పశువైద్యుని "రాబందునకు హాని లేని మందు వ్రాయుడు" అని వినయముగ అడుగుడు. రెండవది, మనుష్యులకై అమ్ము నొప్పి సూదిమందును చవుకయని ఆవునకు వేయకుడు. మూడవది, కుక్కలనో, నక్కలనో చంపుటకు కళేబరములో విషము కలుపు పాపమును మీ ఊర ఎవరు చేసినను అడ్డుకొనుడు. ఆ విషము మొదట చంపునది రాబందునే.

ఆశ లేకపోలేదు. హర్యానాలోని పింజోరులో ఈ పక్షులను పెంచి వృద్ధి చేయు కేంద్రమునకు జటాయువు పేరే పెట్టినారు. అచ్చట పెరిగిన తెల్లవీపు రాబందులను కొన్నింటిని 2020లో ఆకాశమునకు విడిచినారు. మన తెలుగునేలపై, నేటి కుమురం భీం ఆసిఫాబాదు జిల్లా బెజ్జూరు అడవులలో, పాలరాపు గుట్ట చరియలపై పొడవు ముక్కు రాబందులు గూళ్ళు కట్టుకొన్నట్లు 2013లో కనుగొన్నారు. జటాయువునకు రాముడు తర్పణము విడిచిన గోదావరిలో కలియు ప్రాణహిత పరీవాహకమే అది.

పంచమహాయజ్ఞములలో భూతయజ్ఞము ఒకటి. మనము తినుటకు ముందు ఇతర ప్రాణులకు అన్నము పెట్టుట దాని స్వరూపము. రాబందునకు మనము వండి పెట్టవలసినది ఏమియు లేదు. దాని అన్నములో విషము కలుపకుండుటయే దానికి మనము చేయు భూతయజ్ఞము. నేను నా గౌరికి వేయించిన సూదిమందును వెనుకకు తీసికొనలేను. ఇకముందు ఈ గోశాలలో కన్నుమూయు ప్రతి గోవును, తన చివరి దానము విషము లేనిదై, ఏ ప్రాణికిని కీడు చేయక పోవుగాక. ఎప్పుడో ఒకనాడు మీ మనుమలు ఈ ఆలయ గోపురముపై పెద్ద రెక్కల నీడ కదలుట చూచినచో, శాంతి చేయించవలెనా యని పురోహితుని అడుగవద్దని చెప్పుడు. చేతులు జోడింపుమని చెప్పుడు. జటాయువు బంధువు వచ్చినాడు.

శ్రీ సీతారామచంద్రార్పణమస్తు. స్వస్తి.